తీసేసిన చోటు

అల్ ఖోర్‌లో ఆటుకి సముద్రం వెనక్కి జరిగినప్పుడు
మడచెట్ల వేళ్ల మధ్య బురద తవ్వి
ఓదేలు నాకో పెరుగు డబ్బా తెచ్చిచ్చాడు.
లోపల గాలానికి గుచ్చే పురుగులు ఏడు.
"మేడం, దీంట్ల ఏం సూస్తవ్? ఇది చేపల తిండి."

నిజమే. బాపట్ల దగ్గర హేచరీలో
తల్లి రొయ్యలకు ఇదే మేత.
అప్పుడు గ్రాముల్లో తూచి అమ్మిన చేతులే
ఇప్పుడు గ్లవుజులు తొడుక్కుని
దాని తోక ముక్కని మంచులో దాస్తున్నాయి.

వారం తర్వాత, రాత్రి డ్యూటీ.
ఏసీ రొద. కిటికీ అవతల దూరంగా గ్యాస్ మంట
ఆకాశం అంచుని కొంచెంగా మాడుస్తోంది.
తెర మీద మూడు వరుసలు, ఒకే జన్యువు:
పైన మనిషిది,
కింద ఈగది
(టీ గదిలో మగ్గిన ఖర్జూరాల మీద ముసురుతుందే, ఆ బుల్లి ఈగ),
అడుగున, ఇంకా పేరు పెట్టని పురుగుది.

పలికే ముక్కలు నల్లగా. ఎక్సాన్లు.
పలకని మధ్యలు తెల్లగా. ఇంట్రాన్లు.
జీటీ దగ్గర తలుపు తెరుచుకుంటుంది, ఏజీ దగ్గర మూసుకుంటుంది,
లోపలున్నదంతా కణం కత్తిరించి పారేసి
అంచులు దగ్గరికి లాగి కుడుతుంది.
ప్రోటీనుకి ఆ కుట్టు గుర్తుండదు.

ఇదంతా వెన్నెముక మొలిచాక వచ్చిన ఆర్భాటం అనుకున్నాను.
మన వరుసలో తెలుపు ఎంతంటే
మౌస్ తిప్పి తిప్పి వేలు నొచ్చింది.
ఒక మాట. యాభై వేల అక్షరాల మౌనం.
ఇంకో మాట.
ఈగ గట్టి సంసారి:
అరవై అక్షరాల సందు, వెంటనే మాట,
చాలాచోట్ల అసలు సందే లేదు.
ఎముకలేనిదేగా, పురుగు కథా ఇంతేలే అని
దాని వరుసని పైకి జరిపి
మన కింద పెట్టాను.

గీతల మీద గీతలు కూర్చున్నాయి.

పొడవులు వేరు. తెలుపులో రాసున్నది వేరు.
కానీ తెగిన చోటు,
అదే మాటలో, అదే అక్షరం దాటాక,
మన జన్యువు ఊపిరి పీల్చిన చోటే
పురుగూ పీల్చింది.
మూడు సందుల్లో రెండు అవే.
వెన్ను అనే ఊహ ఏ నీటికీ తట్టకముందే
ఏదో తల్లి ఆ సందులు వదిలింది.
రెండు వంశాలం మోసుకొచ్చాం.
ఈగే దారిలో దించుకుంది.
పొట్టిగా ఉన్నదల్లా పాతదని ఎవరన్నారు నాకు?
అమ్ముకున్న ఇల్లూ ఖాళీగానే కనిపిస్తుంది.

తెల్లారి శుక్రవారం. ఖాళీ డబ్బా కోసం ఓదేలు వచ్చాడు.
తెర చూపించాను.
గడ్డం గోక్కుంటూ చాలాసేపు చూసి
"నా టైంషీటు లెక్కనే ఉన్నది," అన్నాడు.
క్యాంపు నుంచి సైటుకి బస్సులో గంటన్నర,
గేటు ముందు ఎండలో లైను,
వాపసు మళ్లీ గంటన్నర.
షీటులో ఆరు నుంచి ఆరు.
పన్నెండేళ్లు.
"బస్సులనే హిందీ నేర్సిన. బస్సులనే బీడీ ఇడిశిన.
గదెక్కడ రాస్తరు?"

పోలిక కుదరదని చెప్పబోయాను.
ఆ తెలుపులో సగం ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చి
అతుక్కుపోయిన చెత్త, ఓదేలూ.
కొంచెంలో మాత్రం మీటలున్నాయి,
ఏ కణంలో ఏ మాట ఎప్పుడు పలకాలో చెప్పేవి.
ఏది చెత్తో ఏది మీటో మాకింకా పూర్తిగా తెలీదు.

"మరి ఈగ బతుకుతలేదా?"

బతుకుతోంది. మనకంటే హాయిగా.

నవ్వి, డబ్బా చంకన పెట్టుకుని
బురద ఆరని చెప్పులతో వెళ్లిపోయాడు.
తుడవాల్సిన అచ్చులు కారిడార్ నిండా.

నమూనా ఫారం ఇంకా నింపలేదు.
సేకరించినవారు అన్నచోట సంస్థ పేరు రాయడం మా ఆనవాయితీ.
ఓదేలు, అని రాశాను.
సమయం అన్నచోట కాసేపు ఆగి:
ఆటు వేళ. డ్యూటీలో లేని గంట.